మూడు షటిళ్ల ఇల్లు

సూది కింద, రేకు మూత లోపల, కనపడకుండా ఏదో కదులుతుంది.

ఇటు. అటు. ఇటు.

కుట్టుమిషన్‌లో దాన్ని షటిల్ అంటారు. బాబినును మోసుకుంటూ పై దారంతో కింది దారాన్ని కలుపుతుంది. చూసేవాళ్లకు సూదే కనిపిస్తుంది. పనంతా కిందే జరుగుతుంది...

చంద్రకళ పదిహేనేళ్లుగా ఆ చప్పుడు వింటోంది. తెనాలిలో ఆమె కుట్టిన జాకెట్టుకు పేరుంది.

ఆ ఇంట్లో షటిళ్లు మూడు.

ఒకటి మిషన్‌లో.

రెండోది రైలు. పొద్దున రేపల్లె పోయి సాయంత్రం తెనాలి వచ్చే బండి. భర్త రాజీవ్ దాన్ని షటిల్ అనే పిలుస్తాడు. రేపల్లెలో బట్టల షాపులో సేల్స్‌మన్. సీజన్ టికెట్టు ఎప్పుడూ జేబులోనే.

మూడోది ఈకలది. ఆదివారం వస్తే రాకెట్టు సంచి భుజాన వేసుకుని, బ్యాడ్మింటన్ ఆడటానికి బాపట్ల వెళ్తాడు.

బాపట్లే ఎందుకు? తెనాలిలో కోర్టులు లేవా?

"అక్కడ మంచి ఆటగాళ్లున్నారు," అన్నాడు.

నమ్మింది.

దసరా వెళ్లాక ఒక ఆది జాకెట్టు తెచ్చాడు. కొలత కోసం ఇచ్చే పాత జాకెట్టు.

"మా షాపు కస్టమరు. రేపల్లె ఆవిడ. మన చీటీ మాత్రం కుట్టకు. గుచ్చుకుంటుందంట."

చంద్రకళ కుట్టిన ప్రతి జాకెట్టుకూ మెడ వెనక ఒక గుడ్డచీటీ ఉంటుంది. ఆమె పేరు, వీధి, ఊరు, ఫోను నంబరు. అంత మెత్తటి చీటీ... గుచ్చుకుంటుందా?

కుట్టలేదు.

మనిషిని చూడకపోయినా కొలత మనిషిని చెబుతుంది. సన్నటి ఒళ్లు. ఎడమ భుజం కాస్త దిగి ఉంటుంది.

రెండోసారి — అరంగుళం వదులు పెట్టమన్నాడు.

మూడోసారి — ఇంకో అంగుళం.

వసారాలో కూర్చుని హుక్కులు కుట్టే మున్నీసా పకపకా నవ్వింది.

"ఏంటి చంద్రక్కా, నీ కస్టమరు నెలనెలా ఒళ్లు చేస్తోంది! రేపల్లె నీళ్లలో ఏం కలిపారో, మనమూ పోదాం పద."

చంద్రకళ నవ్వలేదు.

ఆ ఆదివారం రాజీవ్ స్నానానికి వెళ్లాడు. తువ్వాలు పెడదామని ఆమె రాకెట్టు సంచి తెరిచింది. షటిళ్ల డబ్బా మూత తీసింది. తెల్లటి ఈకలు. ఒక్కటీ విరగలేదు. ఒక్కటీ మాయలేదు.

నెలల తరబడి ఆట...

అడుగున పేపరు పొట్లం. అందులో మూడో జాకెట్టు. గురువారమే రేపల్లెలో ఇచ్చేశానన్న జాకెట్టు.

పొట్లం ఎలా ఉన్నది అలాగే పెట్టింది. జిప్పు వేసింది. అడగలేదు. అడిగితే ఇంకో అబద్ధం వస్తుంది.

నాలుగోది ఆకుపచ్చ జాకెట్టు. చంకల కింద అరంగుళం లోపలికి పట్టి కుట్టింది.

"అక్కా, బిగుతైపోద్ది. చెయ్యి లేవదు," అంది మున్నీసా.

"తెలుసు."

"తెలిసే కుడుతున్నావా?"

"నువ్వు హుక్కులు కుట్టు."

ఆఖర్న, నడుంపట్టీ లోపలి మడతలో, రాజీవ్ కంట పడని చోట, చీటీ కుట్టింది.

ఆదివారం ఆ జాకెట్టు రాజీవ్ సంచిలో వెళ్లింది. సోమవారం... మంగళవారం... ఫోను మోగిన ప్రతిసారీ ఆమె కాలు తొక్కుడు మీద ఆగిపోయేది.

బుధవారం మధ్యాహ్నం మనిషే వచ్చింది.

చేతిలో ఆకుపచ్చ జాకెట్టు. నిండుగా పొట్ట. ముఖం కంటే ముందు ఆ దిగిన ఎడమ భుజాన్ని గుర్తుపట్టింది చంద్రకళ.

"టైలరక్క మీరేనాండి? నా పేరు నీరజండి. బాపట్ల నుంచొచ్చాను. జాకెట్టు బిగుతైంది. ఆదివారం దాకా ఆగడమెందుకని నేనే వచ్చేశా. చీటీ మీద అడ్రసుందిగా."

"రామ్మా. ఒంటి మీద కొలవాలి."

మున్నీసా చేతిలో సూది ఆగింది.

"చేతులెత్తమ్మా."

టేపు ఛాతీ చుట్టూ తిరిగింది. కిందికి, పొట్ట మీదికి దిగింది.

"ఎన్నో నెల?"

"ఏడోదండి." సిగ్గుగా నవ్వింది. "మీకు చెప్పే ఉంటారుగా ఆయన."

"ఎవరు?"

"మీ తమ్ముడే! రాజీవ్ గారు. మా అక్క చేతిపనిలా ఎవరికీ రాదంటారు. ఆదివారం తప్ప మనిషి చిక్కరు. మిమ్మల్ని చూపించమంటే మాట దాటేస్తారు..." నీరజ మెడ వంచి చూసింది. "వదినా అని పిలవొచ్చాండి?"



టేపు రెండు కొసలూ చంద్రకళ వేళ్ల మధ్యే ఉన్నాయి. అంకె చదవాలి. కళ్లకు అంకె ఆనడం లేదు. వదినా — ఆ మాట ఇంకా గదిలోనే ఉంది. ఔనంటే ఏమవుతుంది? కాదంటే?

నీరజ చేతులెత్తి ఎదురుచూస్తోంది. నవ్వుతూనే.

టేపు కింద, చర్మం లోపల, కనపడకుండా ఏదో కదిలింది.

ఇటు...

మళ్లీ, అటు.