మార్చిలో పెట్టిన బీరు

సెప్టెంబరు 20, శనివారం ఉదయం 11 గంటల 10 నిమిషాలకు లహరి రెండో గ్లాసును బల్ల మీద పెట్టి, కాగితం మీద యాభైకి ఇరవై నాలుగు మార్కులు వేసింది. అందులో ఉన్నది ఎవరు చేసిన బీరో అప్పటికి ఆమెకు తెలియదు.

సూర్యాపేట బైపాస్ పక్కన ప్రభాకర్ హోటల్లో, వంటగది వెనక గదిలో ఇది జరిగింది. ఆ హోటల్లో బీరును అక్కడే తయారుచేసి అమ్ముతారు. బల్ల మీద మూడు గ్లాసులు, వాటి మీద అంకెలు. రెండింట్లో హైదరాబాద్ నుంచి తెప్పించిన బీరు. ఒకదాంట్లో కార్తీక్ చేసిన బీరు. ఏది ఎందులో ఉందో ప్రభాకర్‌కు మాత్రమే తెలుసు.

కార్తీక్‌ది కోదాడ. ఈ హోటల్లో బీరు తయారీ అతని పని. ఈ బీరును మార్చి 10న పెట్టాడు. మార్చి 17న మునగాల దగ్గర అతని బైకును లారీ గుద్దింది. అక్కడే చనిపోయాడు. వయసు ముప్పై నాలుగు.

జర్మనీలో ఈ రకం బీరును ఎండలు రాకముందే మార్చిలో పెడతారు. చల్లని చోట ఆరు నెలలు మాగనిచ్చి, ఎండాకాలం పోయాక తాగుతారు. రాగి రంగులో ఉంటుంది. కాల్చిన రొట్టె అంచు వాసన రావాలి. కార్తీక్ తల్లి రంగనాయకమ్మకు ఇది అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆవకాయ అయినా అంతే కదా అన్నది. ఒప్పుకోనిది ప్రభాకరే. ఆయనకు మిర్యాలగూడలో రైస్ మిల్లు ఉంది.

"ఆర్నెల్లు నా ట్యాంకు కిరాయికి తీస్కుంటవారా?" అని అప్పట్లో కార్తీక్‌ను అడిగాడు. "పోనీ ఖర్చన్న తగ్గేటట్టు నూకలు కలుపు. మిల్లుల కుప్పలున్నయ్."

"నూకలేస్తే అది గాదు సార్, ఇంకోటైతది" అని కార్తీక్ అన్నాడు. రెండేళ్లు అడిగి ఒప్పించాడు.

కార్తీక్ దినాల నాడు ప్రభాకర్ కోదాడ వెళ్లి రంగనాయకమ్మకు మాట ఇచ్చాడు. బీరు బాగుంటే దసరాకు కార్తీక్ పేరుతో బోర్డు పెట్టి పోస్తాడు. బాగాలేకపోతే పారబోస్తాడు. ముప్పై మార్కులు దాటితే బాగున్నట్టు. మార్కులు వేయడానికి లహరిని పిలిచారు. ఆమె కోదాడ ఇంజనీరింగ్ కాలేజీలో కార్తీక్‌తో చదివింది. బీరు రుచి చూడటం ఇద్దరూ కలిసే నేర్చుకున్నారు. ఇప్పుడు ఆమె బెంగళూరులో ఉంటూ బీరు పోటీలకు జడ్జిగా వెళ్తుంది. గ్లాసుల మీద అంకెలు వేయమన్నది ఆమే. "వాడిది ఏదో తెలిస్తే నేను అబద్ధం రాస్తా" అని ఫోన్లో చెప్పింది.

రంగనాయకమ్మ గోడ పక్కన కుర్చీలో కూర్చుంది. ఆమె మరిది కొడుకు సతీష్ పక్కన నిలబడ్డాడు. కార్తీక్ కన్నా రెండేళ్లు పెద్దవాడు. తమ్ముడి దగ్గరే పని నేర్చుకున్నాడు. మార్చి తర్వాత ట్యాంకు చూసుకున్నది అతనే.

లహరి మూడో గ్లాసు కూడా రుచి చూసి ముప్పై ఆరు వేసింది. మొదటిదానికి అంతకుముందే ముప్పై మూడు వేసింది. ప్రభాకర్ జేబులోంచి చీటీ తీసి చదివాడు. మడిచి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"సెప్పరాదు ప్రభాకరూ. చీటీ మింగుతవా ఏంది?" అన్నది రంగనాయకమ్మ.

"రెండోది మనోనిదమ్మా."

లహరి ఆ గ్లాసును మళ్లీ తీసుకుంది. అరచేతుల మధ్య పట్టుకుని కొంచెం వెచ్చబరిచి వాసన చూసింది. మార్కు దిద్దలేదు.

"ఏమైంది బిడ్డా? పులిసిపోయిందా?"

"లేదు ఆంటీ. వెన్న వాసన వస్తోంది."

"వెన్న మంచిదే గదా."

"పప్పన్నంలో మంచిదే. ఇందులో ఉండకూడదు."

బీరు పులిసేటప్పుడు ఆ వాసన పుడుతుందని లహరి చెప్పింది. చివర్లో రెండు మూడు రోజులు ట్యాంకును కాస్త వెచ్చగా ఉంచితే, బీరును పులియబెట్టే ఈస్టే దాన్ని తినేస్తుంది. ఆ తర్వాతే చల్లబరచాలి.

"వాడు ఇది మర్చిపోడు. నాకు నేర్పిందే వాడు" అన్నది.

"ఎప్పుడు వెచ్చజెయ్యాలె?" అని ప్రభాకర్ అడిగాడు.

"పెట్టిన ఎనిమిది, తొమ్మిది రోజులకు."

ప్రభాకర్ వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. మార్చి 18, 19.

"నేనే సార్" అన్నాడు సతీష్.

మార్చి 17 సాయంత్రం కబురు రాగానే అతను ట్యాంకును రెండు డిగ్రీలకు తగ్గించి కోదాడ వెళ్లాడు. చల్లగా ఉంటే చెడిపోదనుకున్నాడు. మర్నాడు దహనం అయ్యాక వచ్చి వెచ్చబెడదామనుకున్నాడు. కానీ ఒకే ఇంటిపేరున్న పాలివాళ్లకు పదకొండు రోజులు మైల. ఆ రోజుల్లో ఊరు దాటకూడదు, పనిలో చేయి పెట్టకూడదు. మూడో రోజు పెద్దమ్మను అడిగాడు. ఆమె వద్దన్నది. మార్చి 28న వచ్చి చూస్తే ఈస్టు అడుగుకు చేరింది, ఇక వెచ్చబెట్టినా లాభం లేదు. మాగితే వాసన పోతుందనుకుని ఎవరికీ చెప్పలేదు.

"నాకొక్క ఫోన్ కొట్టేదుండె గద. మీట నేనొత్తేటోణ్ణి" అన్నాడు ప్రభాకర్.

"తమ్ముని బూడిద ఆరకముందే బీరు ముచ్చట ఎట్ల జెయ్యాలె సార్?"



"సతీషు నన్నడిగిండు" అన్నది రంగనాయకమ్మ. "కొడుకే వోయిండు, బీరు ఏడ వోతదిరా అన్న. కూసోమన్న."

ప్రభాకర్ రెండో గ్లాసులో మిగిలింది తాగాడు. "నాకైతే మంచిగనే ఉందమ్మా. ఈడికొచ్చేటోళ్లకు వెన్నెవ్వనికి తెలుస్తది? బోర్డు కూడా రాపిచ్చిన. పెడ్దామా?"

"హోటల్ మీది సార్. కాగితం నాది. నేను మార్చను" అన్నది లహరి.

రంగనాయకమ్మ ఆమె వైపు తిరిగింది.

"వాడుంటే ఏం జేసేటోడు బిడ్డా?"

లహరి కాగితాన్ని రెండుగా మడిచింది. రంగనాయకమ్మ మళ్లీ అడిగింది.

"పారబోసేవాడు ఆంటీ."

"గట్లనే కానియ్యుండ్రి. నాకొక్క సీసా నింపియ్యుండ్రి."

సతీష్ సీసా నింపి ఇచ్చాడు. 12 గంటల 40 నిమిషాలకు ట్యాంకు అడుగు వాల్వు తిప్పాడు. ఎనిమిది వందల లీటర్లు. కాలువలో నురుగు పొంగితే పైపుతో నీళ్లు కొట్టాడు. ట్యాంకు ఖాళీ అయ్యేసరికి ఒకటిన్నర అయింది. లహరి అప్పటిదాకా ఉండి, బస్టాండుకు ఆటోలో వెళ్లింది.

మర్నాడు ఆదివారం పెత్రమాస. చనిపోయినవాళ్లకు ఇష్టమైనవి వండి పెట్టే అమావాస్య. కోదాడలో రంగనాయకమ్మ కొడుకు ఫొటో ముందు విస్తరి వేసి అన్నం, మటన్ కూర, గారెలు పెట్టింది. పక్కన గ్లాసులో బీరు పోసింది. దండం పెట్టుకున్నాక ఇంటివాళ్లు ఆ విస్తరిలోవి పంచుకుని తిన్నారు. గ్లాసు ఎవరూ తీయలేదు.

"సతీషూ, తీస్కో" అన్నది రంగనాయకమ్మ.

"నాకొద్దు పెద్దమ్మా."

"వాడు పెట్టింది. తీస్కో."

ఒంటి గంట ఇరవై నిమిషాలకు సతీష్ గ్లాసు తీసుకుని మొత్తం తాగాడు.