తలుపుల్లేని అరలు

వంటింట్లో అరలు కొట్టే వడ్రంగి ముందుగా గోడ కొలవడు. ఇంటావిడను గోడకు ఆనుకుని నిలబడి చెయ్యెత్తమంటాడు. మడమలు నేల మీదే ఉండాలి. వేలి కొస ఆగినచోట పెన్సిలుతో గీత గీస్తాడు. పై అర ఆ గీత దాటకూడదు.

పాత అల్మారాకి చెద పట్టింది. కొత్తది చేయించడానికి ఆ ఇంటి కోడలు కూడా అలాగే నిలబడి చెయ్యెత్తింది. కొన్నాళ్లకు చెక్క సిద్ధం చేసుకుని వచ్చిన వడ్రంగి ఎందుకైనా మంచిదని మళ్లీ ఎత్తమన్నాడు. వేలు గీత కిందే ఆగిపోయింది.

"ఫర్వాలేదమ్మా, నేను వెళ్లే ఇళ్లన్నిట్లోనూ ఇదే వరస," అంటూ అతను పాత గీత చెరిపాడు. "ఇంకాస్త కిందికే పెట్టేస్తాను. మళ్లీ మళ్లీ మార్చలేం కదా."

ఆ ఇంట్లో ఆడవాళ్లు తరుగుతారు. అత్తగారు తరిగి తరిగి మంచినీళ్ల గ్లాసంత అయ్యారు. అల్మారాలో ఉప్పుజాడీ పక్కన, మెత్తటి గుడ్డ మడత మీద ఉంటారు. డాక్టరు వయసు మీద పడిందని బిళ్లలు రాసిచ్చాడు. ఒక్కో బిళ్ల ఆవిడ అరచేతికి పళ్లెంలా ఉంది. అసలు సంగతి ఆడవాళ్లకి తెలుసు. ఫలానాది ఎక్కడుందని మగవాడు అడగడం, ఫలానాచోట ఉందని ఆడమనిషి చెప్పడం. చెప్పినప్పుడల్లా వెంట్రుకవాసి తగ్గుతుంది. వెంట్రుకలు ఏళ్ల తరబడి పోగుపడితే, చివరికి ఒక్క జవాబుకే మనిషి మిగలదు.

ఆమె భర్త పార్సిళ్ల గిడ్డంగిలో పెద్ద ఉద్యోగి. కళ్లకు గంతలు కట్టినా ఏ పెట్టె ఏ వరసలో ఉందో చెబుతాడని అక్కడ పేరు. ఇంటి గడప దాటగానే ఆ విద్య చెప్పులతోపాటు బయటే ఉండిపోతుంది. తువ్వాలెక్కడ, గోళ్ల కత్తెరెక్కడ, చెంచాలెక్కడ. ఆమె పనిచేసేది కళ్లజోళ్ల దుకాణంలో. అనుమానం తీరక ఓసారి అతన్ని అక్కడే కూర్చోబెట్టి చూపు పరీక్ష చేసింది. ఆఖరి వరసలో చీమతలకాయల్లాంటి అక్షరాలు కూడా గడగడా చదివేశాడు.

ఆ దుకాణం యజమాని ఈమధ్య ఆమెకు మెత్తగానే చెప్పాడు. నువ్వు స్టూలెక్కి దిగేలోపు వచ్చినవాళ్లు వెళ్లిపోతున్నారమ్మా, పై వరస ఫ్రేములు చేతికి అందేవాళ్లను చూసుకోవాల్సొస్తుంది, అని. ఈ నెలాఖరు దాకా చూస్తానన్నాడు.

అందుకే అరలకు తలుపులొద్దంది. అన్నీ గాజుసీసాల్లో పోసి కళ్లెదురుగా పెడితే ఎవరైనా ఎందుకడుగుతారని ఆమె లెక్క.

భర్త ఒప్పుకోలేదు. గిన్నెలు బయటపెట్టుకోవడానికి ఇదేమైనా సామాన్ల కొట్టా అన్నాడు. జిడ్డు పడుతుందన్నాడు, దుమ్ము పడుతుందన్నాడు, ఎవరు తుడుస్తారన్నాడు. ఇప్పుడెవరు తుడుస్తున్నారని ఆమె అడిగితే ఆ ప్రశ్న వినబడనట్టు తలగోక్కుని అసలు విషయానికొచ్చాడు.

"అమ్మ అలా అందరికీ కనబడుతూ కూర్చుంటే ఏం బావుంటుంది?"

"మీకూ కనబడతారుగా. దానికేం?"

చివరికి తన పై అధికారి ఇంట్లోనూ ఇలాంటి అరలే ఉన్నాయని గుర్తొచ్చి సరేనన్నాడు. తర్వాత ఆ ఆలోచన తనదేనని ఇద్దరు ముగ్గురికి ఫోన్లో చెప్పాడు కూడా.

పాత అల్మారా పీకించే ముందు ఆమె అత్తగారిని గుడ్డ మడతతో సహా ఎత్తి కిటికీ గట్టు మీద కూర్చోబెట్టింది. ఆవిడ ఎండకు కళ్లు చికిలించారు.

"తలుపులు తీసేస్తే వాళ్లకి కనబడతాయనుకుంటున్నావా, అమ్మాయ్? మీ మామగారు పోయేముందు కూడా దుప్పటెక్కడని అడిగారు. కప్పుకునే ఉన్నారు."

"మరి మీరేమన్నారు?"

"ఏమంటాను? ఇదిగోనండీ అన్నాను. ఆ పూటే మంచం మీదికి ఎక్కలేకపోయాను."

అరలు అమిరాయి. సీసాలు మెరిశాయి. ఉప్పు సరిగ్గా అతని కంటి ఎత్తులో పెట్టింది. దానికి వీపు ఆన్చి అత్తగారు కూర్చున్నారు.

మర్నాడు పొద్దున ఆమె దుకాణానికి బయల్దేరి, ఒక కాలికి చెప్పు తొడుక్కుంది. అతను చేతిలో పళ్లెంతో అరల ముందు నిలబడి ఉన్నాడు. ఉప్పుకూ అతని ముక్కుకూ మధ్య జానెడు దూరం.

"ఉప్పెక్కడ?"

ఆమె పళ్లు బిగబట్టింది. గోడకేసి చూస్తూ రెండో చెప్పు కోసం కాలితో తడిమింది. అతను సీసాలన్నిటి మీదుగా చూపు ఓసారి తిప్పి, ఈసారి గొంతు పెంచాడు.

"నిన్నేనే. ఉప్పెక్కడ పెట్టావు?"

కన్నకొడుకు రెండుసార్లు అడిగితే ఏ తల్లి ఊరుకుంటుంది? అరలోంచి సన్నటి గొంతు లేచింది.

"ఇక్కడే నాన్నా, నా పక్కనే."

అతను మూత తీసి, చెంచాడు చల్లుకుని, బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు. ఆమె పరుగెత్తుకొచ్చి చూసేసరికి సీసా పక్కన గుడ్డ మడత ఒక్కటే ఉంది. మధ్యలో చిన్న గుంట. గుంటలో ఉప్పురవ్వలు.

ఆ రోజు ఆమె దుకాణానికి వెళ్లలేదు. నల్లటి పళ్లెంలో ఆ ఉప్పంతా పోసి, కళ్లజోడు పెట్టుకుని, సూదిమొనతో రవ్వ రవ్వా పక్కకు జరుపుతూ "అత్తయ్యా" అని పిలుస్తూ కూర్చుంది. జరుపుతున్నకొద్దీ రవ్వలన్నీ ఒకేలా ఉన్నాయి. అతని పళ్లెం కడిగేముందు కూడా అంచులన్నీ వేలితో తడిమి చూసింది.

సాయంత్రం కూతురు బల్ల దగ్గర లెక్కలు చేసుకుంటోంది. తరగతిలో అందరికన్నా పొడుగని ఈ మధ్యే వెనక బెంచీకి మార్చారు దాన్ని. అతను టీ కప్పుతో అరల ముందుకొచ్చి నిలబడ్డాడు. గుడ్డ మడత అలాగే ఉంది, ఖాళీగా.

"పంచదారెక్కడ?" అన్నాడు.

అమ్మ ఎక్కడని అడగలేదు.

కూతురు పుస్తకంలోంచి తలెత్తకుండానే నోరు తెరిచింది. ఆమె రెండంగల్లో వెళ్లి అరచేత్తో ఆ నోరు మూసేసింది. పిల్ల పెదాలు చేతి కింద ఇంకా కదులుతున్నాయి, తెలిసిన జవాబు కదా. ఆమె చెయ్యి తీయలేదు. అతను మళ్లీ అడిగాడు. మరోసారి అడిగాడు. ఈ ఇంట్లో మనుషులున్నారా అన్నాడు.

ఆ పూట అతను పంచదార లేకుండానే టీ తాగాడు. చేదుగా ఉందని మాత్రం ఎవరూ అడక్కుండానే చెప్పాడు.

మర్నాడు దుకాణంలో ఎవరో పై వరసలోని ఫ్రేము అడిగారు. ఆమె స్టూలు కోసం చూసి, ఎందుకో మానేసి, చెయ్యెత్తింది. మడమలు నేల మీదే ఉన్నాయి. వేలి కొసకు ఆ ఫ్రేము లోహం చల్లగా తగిలింది.