మాతలేలో తిన్న అన్నం

మాతలేలో ఆ తల్లి ఆ రాత్రి తిన్నదా, పస్తు పడుకున్నదా? ఏడేళ్లుగా ఈ అనుమానం లక్ష్మీరాజాన్ని వదల్లేదు.

1959లో ఖర్చులకు సర్కారిచ్చిన వజీఫా మీద అతను వ్యవసాయ చదువుకు సింహళం వెళ్లాడు. సెలవులిస్తే హాస్టల్లో పొయ్యి వెలిగేది కాదు. సొంతూరు ఆర్మూరు రావాలంటే పడవా, రైళ్లూ, చేతిలో లేని డబ్బూ కావాలి. అందుకని అతనూ, తోటి విద్యార్థి సోమపాలా, మరో ఇద్దరు మిత్రులూ శనివారం వస్తే చాలు, బస్సెక్కేవారు. ఒక వారం కాండీ, ఒక వారం తేయాకు కొండలు. కనిపించిన దేవుడికల్లా దండం పెట్టుకుని, అరటిపళ్లతో కడుపు నింపుకుని, ఆదివారం సాయంత్రానికి తిరిగొచ్చేవారు.

మూడో శనివారం సోమపాల ఊరు మాతలే వెళ్లారు. చెప్పాపెట్టకుండా దిగిన నలుగురికీ అతని తల్లి వండి వడ్డించింది. లక్ష్మీరాజం పెరిగిన ఇంట్లో మెతుకు వదిలితే పాపం. ఆమె ఇంట్లో పళ్లెం ఖాళీ అయితే అతిథి ఆకలి తీరనట్టు. ఇతను ఊడ్చి తింటాడు, ఆమె మళ్లీ పెడుతుంది. చివరికి లేచేసరికి వంటింట్లో కుండ బోర్లించి ఉంది.

"అమ్మ తినదా?" అని అడిగాడు.

"ఆకలి లేదంటోంది" అన్నాడు సోమపాల.

కుండ ఖాళీ అయిన రోజు లక్ష్మీరాజం తల్లి కూడా సరిగ్గా ఆ మాటే అనేది.

ఊరికి తిరిగొచ్చి వ్యవసాయ శాఖలో ఉద్యోగంలో చేరాడు, పెళ్లయింది. శనివారం రాత్రి మాత్రం అన్నం ముట్టడు. వెంకటేశ్వరస్వామి ఒక్కపొద్దు అనుకున్నారందరూ, భార్యా అతనితో పాటే పస్తుండేది. అతను దేవుణ్ణి కోరింది ఒకటే, ఆ తల్లికి ఒక పూట పెట్టే భాగ్యం. వింటున్నావా స్వామీ, వింటే ఇంత ఆలస్యమేమిటని అప్పుడప్పుడూ నెమ్మదిగా అడిగేవాడు.

1966 మాఘంలో, ఊరంతా పసుపు ఉడికే వాసన వేస్తుండగా, ఉత్తరం వచ్చింది. తల్లిని అజంతా తీసుకెళుతూ సోమపాల దారిలో నిజామాబాద్‌లో దిగి ఆర్మూరు వస్తాడట.

శనివారం పొద్దున భార్య నీలవ్వ బియ్యం కొలుస్తుంటే, "ఇంకో సేరు పొయ్యి" అన్నాడు.

"వచ్చేది ఇద్దరే గదా! పెండ్లి జేస్తున్నవా ఏంది?"

అప్పుడు చెప్పాడు, మొదటిసారి, మొత్తం.

నీలవ్వ చేట కింద పెట్టింది. "గిదా సంగతి! దేవుని పేరు జెప్పి ఇన్నేండ్ల సంది నన్ను గూడ పస్తులు వెట్టినవ్ గదయ్యా!" అని, ఇంకో సేరు పోసింది.

పదకొండింటి బస్సుకు తల్లీకొడుకులు దిగారు. తెల్లచీర, పండిన జుట్టు, అదే నవ్వు. కాళ్లకు నీళ్లిచ్చి కూర్చోబెట్టాక లక్ష్మీరాజం ఇక ఆగలేకపోయాడు.

"సోమపాలా, అమ్మనొక్క మాట అడుగు. ఆ రాత్రి పస్తున్నదా?"

కొడుకు వాళ్ల భాషలో అడిగాడు. ఆమె అరచేత్తో నోరు మూసుకుని నవ్వి, చాలాసేపు చెప్పింది.

"ఆ రోజు పౌర్ణమి అంటోంది" అన్నాడు సోమపాల. "పౌర్ణమి నాడు మధ్యాహ్నం దాటితే అమ్మ ముద్ద ముట్టదు, వ్రతం. నీకు చెప్తే మొహమాటపడి తక్కువ తింటావని చెప్పొద్దంది."

లక్ష్మీరాజానికి ఆ ముంగిలి గుర్తొచ్చింది. దీపం లేకుండానే చేతులు కడుక్కున్నారు, అంత వెన్నెల. ఏకాదశి ఒక్కటీ తప్పని మనిషి ఆ రోజు తిథే చూసుకోలేదు.

సోమపాల ఇంగ్లీషులో అన్నది భార్యకు తెలుగులో చెప్పి, "ఆడ పంచాంగం లేకుండె" అని గొణిగాడు.

"పంచాంగం లేకుంటే పాయె, ఆకాశం గూడ లేకుండెనా?" అంది నీలవ్వ.

అతనికి నవ్వొచ్చింది, వెంటనే కళ్లూ తడిశాయి. గుండె మీది బరువు దిగింది. ఆమె పస్తు తన వల్ల కాదు. అయినా తిన్నది తిన్నదే కదా.

మోదుగాకు విస్తరి వేశారు. పప్పు, పచ్చిపులుసు, నెయ్యి, పరమాన్నం. వంట నీలవ్వదే, వడ్డన మాత్రం లక్ష్మీరాజం తనే తీసుకున్నాడు.

"తిను అవ్వా, జర తిను. ఇయ్యాల పున్నం గాదు, నేను సూసిన" అన్నాడు. తెలుగు రాకపోయినా ఆమె తలూపింది. రెండోసారి అన్నం పెట్టించుకుంది, పరమాన్నం మూడోసారి అడిగింది. చివరికి విస్తరి మీద చేయి అడ్డం పెట్టి, చాలంటూ అతని తల నిమిరింది.

లక్ష్మీరాజం చెంబు తెచ్చి ఆమె చేతుల మీద నీళ్లు పోశాడు. మాతలే అన్నం రుణం ఆ మధ్యాహ్నానికి తీరింది.