రోడ్డెక్కిన ప్రభ

మిరపపొడి ఫ్యాక్టరీని నరసరావుపేట దగ్గరే ఉంచాలా, కృష్ణ దాటించి అవతలి రాష్ట్రానికి మార్చాలా అని తేల్చడానికి హైదరాబాదు నుంచి ఆరోగ్యస్వామి గారు శివరాత్రి ముందురోజు దిగారు. దిగడానికి వేరే రోజే దొరకలేదు ఆయనకు.

కుసుమ ఆ ఫ్యాక్టరీలో షిఫ్టు ఇన్‌ఛార్జి. ఇది రాకముందు ఆమె ఉద్యోగం గుంటూరులో. తెల్లవారకముందే బస్సెక్కేది, కూతురు నిద్రపోయాక ఇల్లు చేరేది. ఇప్పుడు పిల్లకు రెండు పూటలా తనే అన్నం కలిపి పెడుతోంది. ఫ్యాక్టరీ పోతే మళ్లీ ఆ బస్సే గతి.

ఆరోగ్యస్వామి గారు లోపల మిషన్లన్నీ తిరిగి చూస్తుండగా లైన్‌మన్ జాషువా ఫోన్ చేశాడు.

"అక్కా, మీ ఊరి ప్రభ ఈ ఏడు మీ లైనుకు తగులుద్ది. గేటు కాడికి రాంగానే కరెంటు ఆపి వైరు పైకెత్తాల. ముందే చెబుతున్నా."

కోటప్పకొండ తిరునాళ్లకు వెదురు బొంగులతో, రంగు బట్టలతో ఊరూరా ఆకాశమంత ప్రభలు కట్టి ఎద్దులతో లాగిస్తారు. ఏటా కుసుమ ఊరి ప్రభ వైరు కిందుగా నవ్వుతూ వెళ్లిపోయేది. ఈసారి పక్కూరివాళ్లు ఒక బార ఎత్తు లేపారని తెలిసి వీళ్లు రెండు బారలు లేపారు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుండాలిగా! వైరు సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు.

క్రిములు పోవడానికి డ్రమ్ములో మిరపకాయలకు ఆవిరి పెడుతున్నారు. మధ్యలో కరెంటు పోతే సరుకంతా పారబోయాల్సిందే. జనరేటరు లైట్లకే తప్ప డ్రమ్ముకు చాలదు. కుసుమ రోడ్డు మీదికి పరుగెత్తింది. ప్రభ ముందు కండువా తిప్పుతూ త్రికోటేశ్వరరావు వస్తున్నాడు. కమిటీ పెద్ద, ఆమెకు వరసకు బాబాయి.

"బాబాయ్, కాసేపు ఆపండి. డ్రమ్ము నడుస్తోంది. మా పెద్దసారు లోపలే ఉన్నాడు."

"ఏందమ్మాయ్, ఆపేది? రోడ్డెక్కిన ప్రభ వెనక్కి తిరుగుద్దా?"

"తిరగమన్నానా? నిలబడమన్నా."

"పక్కూరోళ్లు నవ్వరూ?"

కుసుమ ఎద్దుల వైపు చూసింది. "పాపం, నురగలు కక్కుతున్నయ్. మా గేటు లోపల తొట్టి నిండా నీళ్లున్నయ్ బాబాయ్."

త్రికోటేశ్వరరావు మీసం తడుముకున్నాడు. "అట్టా చెప్పు. ఒరేయ్, ఎద్దులకు దప్పికైందంట, ఆపండ్రా!" అని, గొంతు తగ్గించి, "నీకోసం ఆపానని మాత్రం యాడా అనమాక" అన్నాడు.

డప్పుల మోతకు ఆరోగ్యస్వామి గారు బయటికొచ్చారు. పైన వైరునూ, స్తంభం కింద ఎదురుచూస్తున్న జాషువానూ, ప్రభనూ మార్చి మార్చి చూసి, ఎవరూ చెప్పకుండానే సంగతి గ్రహించారు.

"మా కోసం ఆపారా?"

"మీకోసమా? ఎద్దులకండీ!" అన్నాడు త్రికోటేశ్వరరావు, గేటు దగ్గర జనానికి పోస్తున్న మజ్జిగలోంచి ఓ గ్లాసు ఆయన చేతిలో పెడుతూ.

డ్రమ్ము పని ముగిసిందని లోపలినుంచి కబురొచ్చాక కరెంటు ఆగింది, వైరు లేచింది, హరహర అంటూ ప్రభ సాగింది.

"ఇకనుంచి ఏటా ఇంతేనా?" అని అడిగారు ఆరోగ్యస్వామి గారు.

కాదనేస్తే పోయేదేమీ లేదని కుసుమకు ఒక్క క్షణం అనిపించింది. కానీ అబద్ధమాడటానికి నోరు రాలేదు.

"వైరుకు తగలడం ఈ ఏడే మొదలు సార్. ఇక ఏటా ఇంతే. వచ్చే ఏడు ఇంకా లేపుతారు. కాకపోతే జాషువా ఇవాళ్టిలాగే ముందే ఫోన్ చేసి చెబుతాడు."

ఆయన మీసానికి అంటిన మజ్జిగ తుడుచుకున్నారు. "అవతల స్థలం చవక, పన్నులో రాయితీ. రాయితీలకు గడువుంటుందమ్మా. అది తీరాక ఇంకోచోటికి పోవాలి. కరెంటు పోతుందని ముందే తెలిస్తే ఆ పూట డ్రమ్ము నింపం, అంతే కదా! నేను వెతుక్కుంటూ వచ్చింది ఆ ఫోన్ చేసే మనిషి కోసం. ఇక్కడే ఉందామని పండగ వెళ్లగానే ఆఫీసులో చెబుతాను. ఒప్పిస్తాను కూడా."

కుసుమ ఆయన చేతిలోని గ్లాసు అందుకుంది. "ఇంకో గ్లాసు మజ్జిగ తీసుకోండి సార్" అంది.

"అక్కా, కరెంటు ఇచ్చేస్తున్నా!" అని జాషువా కేక వేశాడు. లోపల ఫ్యాన్లు తిరగడం మొదలైంది. కుసుమ చీర కొంగు నడుముకు దోపుకుని డ్రమ్ము కడిగించడానికి వెళ్లింది.