బయట వేసిన తాళం

ఇల్లు వెతకడానికి వదినా మరదళ్ళు నగరంలో మూడు ఆదివారాలు తిరిగారు. మరదలికి పెద్దాసుపత్రి ల్యాబ్‌లో రక్తం తీసే ఉద్యోగం వచ్చింది. పరగడుపున వచ్చే రోగుల కోసం ఉదయం ఆరింటికల్లా కుర్చీలో ఉండాలి. వదిన ఆమె అన్న భార్య. అన్న పోయి మూడేళ్ళయింది. అన్నా వదినా కలిసి నడిపిన పుస్తకాల బైండింగ్ కొట్టు కూడా ఆయనతోపాటే మూతపడింది. కొట్టు సామానులో ఒక సుత్తీ, కుట్టు సూదులూ, అట్టలు కోసే కత్తీ మాత్రం వదిన సంచిలో వేసుకుని వచ్చింది.

మొదటి ఆదివారం బస్టాండు దగ్గర చూసిన గదికి ఆరు వాటాలకీ కలిపి ఒకటే స్నానాలగది. దానికి గడియ లేదు. రెండో ఆదివారం ఊరి చివర చూసిన ఇల్లు ముచ్చటగా ఉంది, అద్దె కూడా తక్కువే. కానీ అక్కణ్ణుంచి మొదటి బస్సే ఆరింటికి.

"ఆరింటికి బయల్దేరే బస్సెక్కి ఆరింటికే ఎలా దిగుతావే? డ్రైవర్ని బతిమాలుకుంటావా?" అని వదిన నవ్వింది.

మూడో ఆదివారం వర్క్‌షాపుల వీధికి వెళ్ళారు. స్పేర్ పార్టుల కొట్టు మీద ఒక గది. రెండు కిటికీలు, మెట్లు దిగితే నేరుగా వీధే. వదిన కిటికీ దగ్గర నిలబడి అరచెయ్యి వెలుతురులో పెట్టి చూసుకుంది.

"ఇక్కడ కూర్చుంటే కళ్ళజోడు లేకుండా కుట్టెయ్యొచ్చు. ఇదే తీసుకుందాం."

మరదలు కిందికి చూస్తోంది. లేత్ మిషన్లు, వెల్డింగ్ మెరుపులు, గ్రీజు చేతుల మగవాళ్ళు ఎనిమిది పదిమంది. వీళ్ళిద్దరూ మెట్లు దిగగానే వాళ్ళ మాటలు ఆగిపోయాయి. అందరూ తలలు తిప్పి చూశారు.

"వద్దు వదినా. ఎలా చూస్తున్నారో చూడు."

"కొత్తవాళ్ళం, చూడరా మరి? మనమూ వాళ్ళనే చూశాంగా."

మర్నాడు ఆసుపత్రిలో మరదలు హెడ్ నర్సుకి ఈ సంగతి చెబితే ఆవిడ తల అడ్డంగా ఊపింది. "ఇద్దరూ ఆడవాళ్ళేనమ్మా. గేటూ కెమెరాలూ వాచ్‌మనూ ఉన్న చోటు చూసుకో. అద్దె కాస్త ఎక్కువైనా కంటినిండా నిద్రన్నా పడుతుంది." తనకి తెలిసిన అపార్ట్‌మెంటు చిరునామా కూడా రాసిచ్చింది.

ఆ అపార్ట్‌మెంటు సరిగ్గా ఆ వర్క్‌షాపుల వీధికి వెనకే ఉంది. మధ్యలో ఎత్తైన గోడ. సెక్రటరీ గారు రెండో అంతస్తులో ఇల్లు చూపిస్తూ, "గోడకి ఇవతల మనం, అవతల వాళ్ళు. మీరు నిశ్చింతగా ఉండొచ్చు" అన్నాడు. గుమ్మానికి చెక్క తలుపు, దాని ముందు ఇనుప గ్రిల్లు. వెనక బాల్కనీకి కింది నుంచి పైదాకా ఇంకో గ్రిల్లు. పదకొండు నెలల అగ్రిమెంటు. ముందే ఖాళీ చేస్తే అడ్వాన్సు తిరిగి రాదు. మరదలు సంతకం పెట్టింది. అద్దె కోసం సాయంత్రం డ్యూటీ కూడా ఒప్పుకుంది. దాంతో ఇంట్లో వదిన తెల్లారి నుంచి దీపాలు పెట్టేదాకా ఒంటరి అయింది.

మొదటివారంలో ఒకరోజు పరిచయం చేసుకుందామని వదిన ఎదురింటి తలుపు తట్టింది. తలుపుకున్న చిన్న అద్దంలో నీడ కదిలింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు. ఆ సాయంత్రం సెక్రటరీ మరదలికి ఫోన్ చేశాడు. "మీ వదినగారు ఊరికే తలుపులు తడుతున్నారట. ఇక్కడ ఎవరికీ అలవాటు లేదమ్మా. కొంచెం చెప్పండి."

తర్వాత, పాత పుస్తకాలు తెచ్చుకుని బైండు చేసుకుంటుంటే జిగురు వాసన వస్తోందని ఫిర్యాదు వచ్చింది. వదిన జిగురు గిన్నె కడిగేసి, సుత్తీ సూదులూ అలమరలో పెట్టేసింది.

నాలుగో నెలలో మూడో అంతస్తులో దొంగతనం జరిగింది. పార్సిల్ ఇచ్చే మనిషిలా వచ్చినవాడు ఒకావిడని లోపలికి తోసేసి గొలుసు లాక్కుపోయాడు. అందరూ గ్రిల్లులకి తాళాలు వేసుకోవాలని సెక్రటరీ నోటీసు అంటించాడు. ఆ వారమే మరదలు డ్యూటీ నుంచి వచ్చేసరికి ఎవరో సర్వే చేసే అమ్మాయి వాళ్ళ హాల్లో కూర్చుని మంచినీళ్ళు తాగుతోంది. ఆ అమ్మాయి వెళ్ళగానే మరదలు వదిన మీద విరుచుకుపడింది.

"ఎవరో ఏమిటో తెలీకుండా తలుపు తీసేస్తావా? నీకు చెప్పీ చెప్పీ నా నోరు పడిపోతోంది!"

"ఎండన పడి వచ్చింది. దాహం అంది. మనిషి మొహం చూసి ఎన్నాళ్ళయిందో నీకు తెలుసా?"

మర్నాడు మరదలు కొత్త తాళం కొనుక్కొచ్చింది. తెల్లవారి వెళ్తూ గ్రిల్లుకి బయటి నుంచి వేసింది.

"రెండు రోజులే వదినా. ఈ గొడవ సద్దుమణిగేదాకా."

"నేనేమైనా పారిపోతానా?"

"నువ్వు పారిపోతావని కాదు. ఎవరైనా వస్తే నువ్వు తీస్తావని."

తాళానికి రెండు తాళంచెవులు ఉన్నాయి. ఒకటి లోపల ఉంచితే వదిన తీసేస్తుందని మరదలు రెండూ తన దగ్గరే పెట్టుకుంది. రెండు రోజులు రెండు నెలలయ్యాయి.

వదిన మొదట్లో హాస్యమాడేది. "ఊరగాయ జాడీలా మూత పెట్టి వెళ్తున్నావే నన్ను" అనేది. తర్వాత అనడం మానేసింది. గుమ్మం నుంచి బాల్కనీకి పందొమ్మిది అడుగులు. వంటింటి మీదుగా వెళ్తే ఇరవై మూడు. రోజంతా అవే అడుగులు. మధ్యాహ్నాలు బాల్కనీ గ్రిల్లు పట్టుకుని గోడ అవతలి వీధిని చూస్తూ నిలబడేది. ఏ చప్పుడు ఏ మిషన్‌దో చెవికి పట్టుబడింది. గోడ పక్కనే రేకుల షెడ్డులో వెల్డింగ్ చేసే మనిషికి ముప్ఫై అయిదేళ్ళుంటాయి. ఒకసారి ముఖానికున్న ముసుగు ఎత్తి పైకి చూశాడు. వదిన చెయ్యి ఎత్తింది. అతను తలూపి మళ్ళీ పనిలో పడ్డాడు. రెండు నెలల్లో మరదలు కాక ఇంకో మనిషి ఆమెను పలకరించింది ఆ ఒక్కసారే.

రాత్రి భోజనాల దగ్గర మరదలు ఆసుపత్రి కబుర్లు చెప్పేది. సూది చూసి పడిపోయిన పోలీసు గురించి, నరం దొరకని ముసలాయన గురించి. వదిన ఊఁ కొట్టేది. ఆ ఊఁ రోజు రోజుకీ చిన్నదవుతోందని మరదలు గమనించకపోలేదు. కానీ బస్సులో కూర్చున్నప్పుడు బ్యాగులో తాళంచెవులు తడుముకుంటే ఆమెకి ధైర్యంగా ఉండేది. ఆ ధైర్యాన్ని వదులుకోవడానికి మనసొప్పలేదు.

ఒక మంగళవారం పదిన్నరకి వైరు కాలిన వాసన వచ్చింది. వదిన చెక్క తలుపు తీసేసరికి మెట్ల మీద నల్లటి పొగ సుళ్ళు తిరుగుతోంది. కింద మెట్ల కింది మీటర్ల పెట్టె అంటుకుంది. పై అంతస్తుల వాళ్ళు ముక్కులకి గుడ్డలు అడ్డం పెట్టుకుని పరుగులు తీస్తున్నారు. ఎదురింటి తలుపు తెరుచుకుంది. ఆరు నెలల్లో మొదటిసారి ఆ ఇంటి మొగుడూ పెళ్ళాం మొహాలు చూసింది వదిన. అతను ఆగి గ్రిల్లు పట్టుకుని గుంజాడు.

"తాళంచెవి ఏదండీ? త్వరగా!"

"నా దగ్గర లేదు."

"ఇంట్లో ఉన్నది మీరు. మీ దగ్గర లేకపోవడమేంటి?"

అతను మళ్ళీ గుంజాడు, దగ్గు తెరలో ఉక్కిరిబిక్కిరయ్యాడు. భార్య చొక్కా పట్టి లాగింది. "వాచ్‌మన్‌కి చెప్తాను, భయపడకండి!" అంటూనే పొగలో కలిసిపోయాడు.

వదిన మరదలికి ఫోన్ చేసింది. మోగీ మోగీ ఆగింది. మళ్ళీ చేసింది. ల్యాబ్‌లో ఫోన్లు లాకర్లో పెట్టాలన్నది నిబంధన. ఆమెకీ తెలుసు. అయినా చేస్తూనే ఉంది. తొమ్మిదోసారి ఆపేసింది. చెక్క తలుపు మూసి, తడి దుప్పటి కింద సందులో కుక్కి, బాల్కనీలోకి పరిగెత్తింది.

"తమ్ముడూ! ఓ తమ్ముడూ!"

అవతల గ్రైండర్ల రొదలో ఆ కేక ఎక్కడికీ చేరలేదు. పళ్ళెం తెచ్చి గ్రిల్లు మీద బాదింది. ఎవరూ తల ఎత్తలేదు. అప్పుడు అలమరలోని బైండింగ్ సుత్తి తెచ్చి, చువ్వల సందులోంచి చేతిని భుజం దాకా బయటపెట్టి, ఉన్న బలమంతా పెట్టి విసిరింది. సుత్తి గోడ దాటి రేకుల మీద పిడుగులా పడింది.

వెల్డరు తిట్టుకుంటూ బయటికొచ్చి పైకి చూశాడు. ఆమెనూ, వెనక గదిలోంచి వస్తున్న పొగనూ చూశాడు.

"అక్కా! కిందికి దిగిపో!"

"తాళం వేసుంది!"

"తియ్యి!"

"బయట వేసుంది తమ్ముడూ! బయట!"

అతను వెనక్కి తిరిగి తనవాళ్ళని కేకేశాడు. తర్వాత వీధంతా కదిలింది. ఎవరో నిచ్చెన తెచ్చి షెడ్డు మీంచి బాల్కనీకి ఆనించారు. ఇద్దరు దాన్ని పట్టుకున్నారు. గ్యాస్ సిలిండరు గోడ దగ్గరికి దొర్లించారు. వెల్డరు కటింగ్ గొట్టం భుజాన వేసుకుని పైకెక్కాడు.

"దుప్పటి తడిపి కప్పుకో అక్కా. మొహం అటు తిప్పుకో. నిప్పురవ్వలు పడతాయి, కదలకు."

ఆమె గోడవైపు తిరిగి కూర్చుంది. వెనక ఇనుము కాలుతున్న బుసబుస. చేతుల మీద చురుకు చురుకుమని రవ్వలు. తలుపు అంచుల్లోంచి పొగ లోపలికి పాకుతోంది. నాలుగు చువ్వలు తెగడానికి ఎంతసేపు పట్టిందో ఆమెకి తెలియదు. "ఇంక రా అక్కా, నా భుజం మీద చెయ్యి వెయ్యి" అన్నాడు. అతను లోపలికి దూరి ఆమెను ఎత్తి నిచ్చెన మీద నిలబెట్టాడు.

మరదలు పదకొండున్నరకి లాకరు తెరిచి, తొమ్మిది మిస్డ్ కాల్స్ చూసింది. తిరిగి చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఎవరికీ చెప్పకుండానే ఆటో ఎక్కింది. తాళంచెవులు పిడికిట్లో పట్టుకుని దారంతా ఏదేదో గొణుగుతూనే ఉంది. గేటు దగ్గర ఫైరింజన్. మంట ఆరిపోయింది, ఎవరికీ ఏమీ కాలేదని అంటున్నారు. "రెండో అంతస్తు... మా వదిన..." అంటే వాచ్‌మన్ మొహం పక్కకి తిప్పుకుని, "వెనక వీధికి తీసుకెళ్ళారమ్మా" అన్నాడు.

ఆమె వర్క్‌షాపుల వీధిలోకి అడుగుపెట్టగానే మాటలు ఆగిపోయాయి. అందరూ తలలు తిప్పి చూశారు. ఆ చూపుల్లో ఏముందో ఈసారి ఆమెకి బాగా తెలుసు. పిడికిట్లోని తాళంచెవుల్ని గబుక్కున బ్యాగులో పడేసింది.

వదిన షెడ్డు ముందు స్టూలు మీద కూర్చుని టీ తాగుతోంది. జుట్టంతా తడి. చేతుల మీద ఎర్రటి చుక్కలు.

"ఏమైనా తిన్నావా?" అని మరదల్ని అడిగింది.

మరదలు తల అడ్డంగా ఊపింది.

వెల్డరు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "అడుగుతున్నానని ఏమనుకోకక్కా. లోపల మనిషిని పెట్టి తాళం వేసిందెవరు?"

వదిన గ్లాసులోకి చూస్తూ, "నేనే వెయ్యమన్నాను తమ్ముడూ. దొంగల భయం" అంది.

మరదలు బ్యాగుని ఒంటికి దగ్గరగా లాక్కుంది.

మూడు రోజులు హెడ్ నర్సు ఇంట్లో తలదాచుకుని, కరెంటు వచ్చాక మళ్ళీ ఆ ఇంటికే వెళ్ళారు. వేరే చోటు లేదు. సెక్రటరీ బాల్కనీకి కొత్త గ్రిల్లు పెట్టించాడు. మరదలు తాళంచెవులు రెండూ వదిన చేతిలో పెట్టబోతే, వదిన చెయ్యి చాపలేదు. గూట్లో పెడితే అక్కడే ఉండిపోయాయి. వదిన తలుపులన్నీ బార్లా తెరిచి గుమ్మంలోనే కూర్చునేది. తలుపు మూయమని సెక్రటరీ నుంచి ఫోన్లు మొదలయ్యాయి. మూడో ఫోన్‌కి మరదలు, "ఖాళీ చేస్తున్నామండీ" అంది.

"అడ్వాన్సు పోతుందమ్మా. ఎక్కడికి వెళ్తారు?"

"గోడ అవతలికి."

మొదట చూసిన రెండు కిటికీల గది అప్పటికే ఎవరో తీసుకున్నారు. దొరికింది పడమటి గది, ఒకటే కిటికీ. మధ్యాహ్నం నిప్పుల కొలిమి. పగలంతా చెవులు చిల్లులు పడే రొద. వదిన మాత్రం రెండోరోజే కొట్లవాళ్ళ బిల్లు పుస్తకాలు తెచ్చి కుట్టడం మొదలుపెట్టింది. సుత్తి రేకుల మీద పడి పిడి విరిగితే లేత్ అతను కొత్త పిడి బిగించి ఇచ్చాడు.

మూడో వారం, తెల్లవారుజామున డ్యూటీకి వెళ్తున్న మరదలి చేతిలోంచి సందు చివర ఎవడో బండి మీద వచ్చి ఫోన్ లాక్కుపోయాడు. మణికట్టు బెణికింది. ఆ సాయంత్రం కట్టుతో ఇంటికొచ్చి కూలబడింది.

"నేను మొదటే చెప్పానా, ఈ వీధి మంచిది కాదని? నా మాట వింటేగా!"

వదిన చేతిలో సూది ఆగింది.

"మంచి చోట నన్నేం చేశావే?" గొంతు పైకి లేచింది. అన్నేళ్ళలో మరదలు ఎప్పుడూ వినని గొంతు. "తొమ్మిదిసార్లు చేశాను. ఎత్తవని తెలిసీ చేశాను. ఆ ఎదురింటాయన తాళంచెవి ఏదంటే ఏం చెప్పను? కొండముచ్చునా నేను, కట్టేసి వెళ్ళడానికి? పైగా నేనే వెయ్యమన్నానని అందరి ముందూ అబద్ధమాడాను. ఎందుకాడానో నాకే తెలీదు. నువ్వొక్కసారి, ఒక్కసారైనా కాదని అన్నావా?"

కింద మిషన్ ఆగింది. "ఏమైందక్కా?" అని కేక వినిపించింది.

"ఏం లేదు. మా మరదలితో మాట్లాడుతున్నా!" అని వదిన అంతే గట్టిగా బదులిచ్చింది.

మరదలు లేచి మెట్లు దిగింది. షెడ్డులో ముగ్గురు నలుగురు ఉన్నారు. వాళ్ళ ముందే వెల్డరుతో అంది: "అన్నా, ఆ రోజు తాళం వేసింది నేను. ఆవిడ వెయ్యమనలేదు. వద్దంది."

"తెలుసమ్మా" అన్నాడతను. "లోపలున్న మనిషి ఆ కేక వేసిన తీరు విన్నాంగా." ఇంకేమీ అనకుండా ముసుగు దించుకుని పనిలో పడ్డాడు.

మరదలు పైకి వచ్చి చెప్పింది విని వదిన తలెత్తలేదు. రెండు రోజులు మాట్లాడలేదు. మరదలు వంట చేసి పెడితే తింది, అంతే. మూడోరోజు పొద్దున మరదలు చెప్పులేసుకుంటుంటే, కుడుతున్న పుస్తకం మీంచి కళ్ళు తీయకుండానే అంది:

"వచ్చేటప్పుడు దారం ఉండలు రెండు పట్టుకురా. సన్నవి కాదు, లావువి."