దేవవ్వ డ్రమ్ము

ఖానాపూర్ పక్క ఊళ్లో ఐదిళ్ల గోబర్ గ్యాసు గుంతల్ని ఒకే పైపుకు కలిపినవాడు ఫర్దీన్. కోనసీమ గ్యాసు బావుల దగ్గర పదేళ్లు పైపులు బిగించి వచ్చిన మనిషి. అక్కడ ఒక్కో బావి గ్యాసు చిన్న పైపులో బయల్దేరి పెద్ద పైపులో కలిసినట్టే ఇక్కడా కలిపి, ఐదు పొయ్యిలకూ పంచాడు. షరతు మాత్రం ఆ ఐదిళ్లలో ఒకడైన కైలాసం పెట్టాడు. నెలాఖరుకు ఎవరి గుంత గ్యాసు ఇవ్వకపోతే వాళ్ల పొయ్యికి పైపు కట్.

ఆ షరతు ఎవరి కోసమో దేవవ్వకు తెలుసు. కైలాసానికి పన్నెండు బర్రెలు, పక్కింటి దేవవ్వకు ఒక్కటే, అదీ ముసలిది. మళ్లీ కట్టెల పొగలో కళ్లు మండించుకోవాలంటే ఆమెకు భయమేసింది. బర్రెను బతిమాలి మరీ మేత పెట్టింది.

కైలాసం ఊరుకునే రకమా? తన గ్యాసే ముందు పరుగెత్తాలని గుంత మీద గ్యాసు పట్టడానికి బోర్లించిన డ్రమ్ము మీదికి రెండు బండరాళ్లు ఎక్కించాడు. వారానికి చూస్తే దేవవ్వ డ్రమ్ము నిండుగా పైకి లేచింది, కైలాసానిది కిందికి దిగింది. లోపల గ్యాసు నిండితేనే డ్రమ్ము లేస్తుంది మరి. ఊరు ఊరంతా ఆ ముసలి బర్రెను చూడ్డానికి వచ్చింది. కైలాసం ఇంకో రెండు రాళ్లు పెట్టాడు. డ్రమ్ము ఇంకా దిగింది. ఆఖరికి సిగ్గు విడిచి అడిగాడు.

"దేవక్కా, నా రెండు పడ్డ బర్రెలు తీస్కొని గా బర్రెను నాకియ్యరాదు?"

"పానమన్న ఇస్త గని బర్రెనియ్య, పో."

కబురందుకుని వచ్చిన ఫర్దీన్ రాళ్లు చూసి నవ్వాపుకోలేకపోయాడు. "కాకా, నువ్వు గట్ల ఒత్తితే నీ గ్యాసంత ఉరికి అవ్వ గుంతల జొచ్చింది. అవ్వది పల్చటి రేకు డ్రమ్ము, అల్కగ లేస్తది."

దేవవ్వకు తల కొట్టేసినట్టయింది. వారం రోజుల గొప్పంతా పక్కింటి పెండదన్నమాట.

"అయితే దేవక్క పైపు కట్ చెయ్," అన్నాడు కైలాసం వెంటనే.

"బావుల కాడ గట్ల చెయ్యరు కాకా. జోరున్న బావికి జర బిగిస్తరు, జోరు లేనిదానికి తొవ్వ ఇస్తరు."

రాళ్లు దింపించి, వెనక్కి గ్యాసు రాకుండా ప్రతి గుంతకూ వాల్వు వేశాడు. సాయంత్రం వంటలకు ఉన్నది కాస్తా అయిపోయి దేవవ్వ డ్రమ్ము కూలబడింది. నెలాఖరుకు ఇంకా రెండు రోజులే.

మూడో పొద్దున కైలాసం నెలాఖరు లెక్క చూడ్డానికి వచ్చి, వంగి ఆమె డ్రమ్మును చేత్తో కొలిచాడు.

"జానెడే గదా లేచింది, దేవక్కా."

"జానెడే. గని గిది నా బర్రె ఇచ్చింది," అంది దేవవ్వ. డ్రమ్ము నిండుగా లేచిన రోజున కూడా ఆమెకు ఇంత సంతోషం కలగలేదు.