ముందు మా మాట సెప్పు

ఎమ్మిగనూరు రోడ్డులో ఉన్న మా ఊరి బడికి, విత్తనం కోసం వేసే సీడు పత్తి పూతకొచ్చిందంటే ఆడపిల్లలు కరువు. ఆ పొద్దున కూడా సీడు పత్తి వేసే పెద్దరైతు దేవేంద్రప్ప టెంపో గేటు ముందు ఆగి హారన్ కొట్టింది. హేమ టీచరు పాఠం చెబుతూనే ఉంది, ఏడో తరగతి ఆడపిల్లలు సంచులు సర్దుకుని లేచి వెళ్లిపోయారు. పొద్దున పూలకు పుప్పొడి రుద్దాలి, సాయంత్రం మొగ్గలు గిల్లాలి. పిల్లలైతే సగం కూలీకే వస్తారు. దీన్ని దేవేంద్రప్ప పేదలకు ఆసరా అంటాడు, సిగ్గులేని మనిషి.

నేను కూలీ సంఘం వాణ్ని. ఆయన గురించి మెత్తగా చెప్పే ఓపిక నాకు లేదు.

ఊళ్లో తగువొస్తే పంచాయితీ కట్ట మీద ఆయనే కూర్చుంటాడు. కూలీలు చెప్పులు విడిచి కింద నిలబడాలి. "మీ మాట గూడా నేనే సెప్తాలేప్పా" అంటాడు. రెండు పక్కలా తానే మాట్లాడి, తానే రాజీ చేసి, తానే గెలుస్తాడు. ఇన్నేళ్లూ దాన్నే న్యాయమనుకుని తలలూపాం. మా బుద్ధికి ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

హేమ టీచరు తరగతిలో ఒక పద్ధతి పెట్టింది. ముందు ఎదుటి మనిషి మాటను, అతనే అవునని ఒప్పుకునేలా చెప్పాలి. తర్వాతే నీ మాట. ఆ తర్వాత ఇద్దరికీ ఏది కుదురుతుందో వెతకాలి. పూతకాలంలో బడా, చేనా అన్నది వాదన. కూలీ హులిగెమ్మ కూతురు మహాదేవికి దేవేంద్రప్ప పక్షం వచ్చింది.

"ఆయప్ప పక్క నేను మాట్లాడను టీచర్!"

"మాట్లాడాల. ఆయప్ప భయమేందో తెలీకుంటే ఆయప్పతో యాడ గెలుస్తావు?"

ఈ సంగతి తెలిసి దేవేంద్రప్ప మండల విద్యాశాఖ ఆఫీసరును వెంటేసుకుని తల్లిదండ్రుల మీటింగుకు వచ్చాడు.

"పిల్లోల్లకు తిరగబడేది నేర్పుతాండావా?" అని టీచరు మీద అరిచాడు. "రెండు వైపులా చూడాలమ్మా" అన్నాడు ఆఫీసరు, దేవేంద్రప్ప వైపే చూస్తూ.

మహాదేవి లేచింది. "సామీ, పూత ఒక్క పూట గూడా ఆగదు. ఆగితే ఇత్తనం కట్టదు. ఇత్తనాల కంపెనీవోళ్లు సరుకు తీసుకోరు. నష్టం మీ నెత్తిన పడ్తాది. ఇదే గదా మీ బాధ?"

"శానా బాగ సెప్పినావు పాపా!" దేవేంద్రప్ప మురిసిపోయాడు.

"ఇంగ మా అమ్మ మాట మీరు సెప్పండి."

"మీ అమ్మకేం బాధ? నేను పని ఇస్తాండా గదా!"

"అది మీ మాటే సామీ. మా అమ్మ మాట సెప్పండి."

జనం నవ్వారు. కట్ట మీద ఇన్నేళ్లు మా తరఫున మాట్లాడిన పెద్దమనిషికి మా మాట ఒక్కటీ నోటికి రాలేదు.

హులిగెమ్మ ముందుకొచ్చింది. "నా మాట నేనే సెప్తా. పూర్తి కూలీ ఇయ్యి, పుప్పొడి నేను రుద్దుతా. నీ ఇత్తనం నిలుస్తాది. నా బిడ్డ బడిలో ఉంటాది."

ఇద్దరికీ కుదిరే దారి అదే. ఆఫీసరు కూడా తలూపబోయి ఆపుకున్నాడు.

"పెద్దోళ్ల కూలీ నాకు గిట్టదు" అన్నాడు దేవేంద్రప్ప. ఆసరా ముసుగు ఆయనే తీసేసుకున్నాడు.

కొద్దిరోజులకే పిల్లల్ని రెచ్చగొట్టిందని హేమ టీచరును సస్పెండ్ చేశారు. మర్నాడు టెంపో మళ్లీ వచ్చింది. గేటుకు అడ్డంగా తల్లులు నిలబడ్డారు. హారన్ మోగి మోగి ఆగిపోయింది. పిల్లలెవరూ కదల్లేదు, ఏ తల్లీ చేలోకి పోలేదు.

దేవేంద్రప్ప పరుగున వచ్చాడు. "కట్ట కాడికి రాండి, రాజీ చేసుకుందాం" అన్నాడు.

అందరం కదిలాం. హులిగెమ్మ చెప్పులతోనే కట్టెక్కి కూర్చుంది. వెనకే ఆడవాళ్లంతా ఎక్కారు. ఆయనకు చోటు మిగల్లేదు, కింద నిలబడ్డాడు.

"ముందు మా మాట సెప్పు సామీ" అంది హులిగెమ్మ. "మా టీచరమ్మను యాల పంపించినారో అది గూడా సెప్పు. సరిగ్గా సెప్తే అప్పుడు నీది ఇంటాం."

ఎండెక్కింది. చేలో పూత వాడిపోతోంది. ఆయన చేను వైపు ఒకసారి, కట్ట వైపు ఒకసారి చూస్తూ కిందే నిలబడ్డాడు.